ఇంటర్వెల్ తర్వాత ఏడో రీలు

ప్రొజెక్టర్ గదిలో పనికి చేరబోయే పిల్లలకు ముందుగానే ఒక మాట చెప్పేస్తాను. సినిమాలు ఊరికే చూడొచ్చన్న ఆశతో వస్తుంటే ఇప్పుడే వెనక్కి తిరగండి. ఆపరేటర్ సినిమా చూడడు. అతని ముందు గోడలో జానెడు కిటికీ ఉంటుంది. ఒక కన్ను అందులోంచి తెర మీద, రెండో కన్ను మిషన్‌లో కాలుతున్న కార్బన్ కడ్డీల మీద. కడ్డీలు అరిగి వెలుగు తగ్గిందా, తెర మీద హీరోకి పచ్చకామెర్లు వస్తాయి. జనం హీరోని ఏమీ అనరు. వెనక్కి తిరిగి ఆపరేటర్ వంశాన్ని తలుచుకుంటారు.

మీకు కడ్డీలు ఉండవని తెలుసు. సర్వరూ పాస్‌వర్డూ ఉంటాయి. సినిమా ఇనప్పెట్టెలో కాకుండా అరచేతి డబ్బాలో వస్తుంది. అయినా రాస్తున్నాను. మిషన్ నడపడం ఎవరైనా నెల రోజుల్లో నేర్పుతారు. నేను ముప్ఫై నాలుగేళ్ళలో నేర్చుకున్నదొకటి వేరే ఉంది.

నా పేరు నాగుల్ మీరా. నరసరావుపేటలో ఒకే హాల్లో పనిచేశాను. ఏడో తరగతిలో లెక్కల మాస్టారు నన్ను బెంచీ ఎక్కించి నిలబెట్టారు. ఆ ఎత్తు నాకు బాగా నచ్చింది. మా నాన్న ఇంజన్ల మెకానిక్కు. ఓ రోజు సినిమా హాలు జనరేటర్ బాగుచేయడానికి వెళ్తూ వెంట తీసుకెళ్ళాడు. జనరేటర్ సగమే బాగైంది. ఎప్పుడు తిప్పినా మూడుసార్లు దగ్గి, ఆగి, మళ్ళీ తిప్పితేగానీ అందుకునేది కాదు. నేను మాత్రం పూర్తిగా అక్కడే ఉండిపోయాను. ప్రమోషన్ల గురించి ఇందులో ఏమీ ఉండదు. ఆపరేటర్‌కి ప్రమోషన్ అంటే మెట్లు దిగి ఇంటికి పోవడమే.

వీపులు

కొత్తవాళ్ళు తెర వైపు చూస్తారు. పాతబడిన ఆపరేటర్ వీపుల వైపు చూస్తాడు. కిటికీలోంచి కనిపించేవి ఐదారు వందల తలలూ వీపులే. సినిమా బాగుంటే వీపులు ముందుకు వంగుతాయి. బాగోకపోతే కుర్చీకి అంటుకుపోతాయి. మా ఓనరు కోటయ్య గారు మొదటి ఆట మధ్యలో మెట్ల కింద నిలబడి అరిచేవారు.

"ఒరేయ్ మీరా, ఎట్టా ఉందిరా?"

"హీరోయిన్ ఏడుస్తా ఉందండీ, జనం పల్లీలు తింటా ఉన్నారు."

"అయితే శుక్రవారం దాకానే," అని లెక్క కట్టుకుని వెళ్ళిపోయేవారు. సినిమా గురించి అంత తక్కువ మాటల్లో తీర్పు చెప్పినవాళ్ళని నేను మళ్ళీ చూడలేదు. ఆయన కోపిష్టి, పిసినారి, మాట తూలే మనిషి. కానీ ఆట టైముకి మొదలుపెట్టడం మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

మ్యాటినీలో ఇంకో రకం వీపులు ఉండేవి. ఆట రెండున్నరకి. కారంపూడి బస్సు ఐదింటికి. అది తప్పితే మళ్ళీ ఏడు దాటాకే. అందుకని ఐదుకి పది నిమిషాలుందనగా, తెర మీద కొంపలు మునుగుతున్నా సరే, కాలేజీ పిల్లలూ, సరుకులు కొనుక్కోవడానికి వచ్చిన ఆడవాళ్ళూ గుంపుగా లేచి తలుపు దాకా వెనక్కి చూసుకుంటూ నడిచేవాళ్ళు. ప్రతి సినిమాకీ వాళ్ళకి చివరి రీలు దక్కేది కాదు. హంతకుడు ఎవరో తెలియకుండానే ఎన్నేళ్ళు బతికారో పాపం.

నాకు జాలి వేసి ఒక అలవాటు చేసుకున్నాను. సినిమా రెండో వారంలో పడ్డాక, ఎవరికీ అవసరం లేని పాట ఒకటి కత్తిరించి పక్కన పెట్టేవాణ్ణి. ఆ నాలుగైదు నిమిషాలు కలిసొస్తే బస్సు జనం కాస్త ఎక్కువ చూస్తారని. మా హాల్లో దాన్ని 'బస్సు కట్' అనేవాళ్ళం. చేసింది తప్పే. ఎవరో నెలల తరబడి తీసిన పాట మీద నాకేం హక్కుంది? కానీ ఆ వీపులు తలుపు దగ్గర ఆగి ఆగి వెళ్తుంటే చూసినవాడికి కత్తెర దానంతటదే చేతిలోకి వస్తుంది.

ఆ మ్యాటినీ

పాతికేళ్ళ పైమాట. హాంకాంగ్‌లో తీసిన నేరం సినిమా ఒకటి తెలుగు డబ్బింగ్‌లో వచ్చింది. కథ చిన్నది. నగరంలో వరసగా హత్యలు. ఒక కుర్ర పోలీసు హంతకుడి కోసం వెతుకుతుంటాడు. తల్లీతండ్రీ లేని అతన్ని పెంచింది అన్న. ఆఖర్న మెట్లెక్కి తలుపు తీస్తే హంతకుడు ఆ అన్నే. తమ్ముడు కాల్చేస్తాడు. అంతే.

అప్పట్లో రెండేసి చిన్న రీళ్ళు అంటించి ఒక పెద్ద చుట్ట చేసేవాళ్ళం. నేను దాన్నే రీలు అంటాను. ఆ సినిమాకి అలాంటివి ఏడు. మూడు అయ్యాక ఇంటర్వెల్. అన్న హంతకుడని తెలిసేది ఏడో రీలులో.

ఏడో రీలు మొదట్లో క్లబ్బు పాట ఒకటి ఉంది. అది తీసేద్దామని ఇంటర్వెల్లో ఏడో రీలు బల్ల మీద పెట్టుకుని కత్తిరించి అతికించాను. బెల్లు కొట్టారు. మిషన్ స్టార్ట్ చేసేలోపు కరెంటు పోయింది. కింద జనరేటర్ తిప్పుతున్నారు. డుగ్... డుగ్... డుగ్... ఆగింది. హాలంతా చిమ్మచీకటి, జనం ఈలలు. మళ్ళీ తిప్పారు, అందుకుంది. ఆ చీకట్లో నా చెయ్యి బల్ల మీద తడిమి, అలవాటుగా నాలుగో రీలు ఉండాల్సిన చోట ఉన్నదాన్ని తీసి మిషన్‌కి ఎక్కించేసింది.

తెర మీద వెలుగు పడింది. తమ్ముడు తలుపు తీశాడు. అన్న నిలబడి ఉన్నాడు.

ఆపేస్తే గొడవ. ఆపకపోతే ఇంకా పెద్ద గొడవ. ఆపలేదు. నిజానికి చేతులు ఆడలేదు. అన్న చచ్చిపోయాడు. 'సమాప్తం' అక్షరాలు పడేలోపు వెలుగు మూసేసి, పక్క మిషన్‌లో నాలుగో రీలు ఎక్కించాను. ఇక కుర్చీలు లేస్తాయి, నా మీదికి రాళ్ళు వస్తాయి అనుకుంటూ కిటికీలోంచి చూశాను.

నాలుగో రీలులో అన్న వంటింట్లో పాడుకుంటూ వండుతుంటాడు. అలసిపోయి వచ్చిన తమ్ముడికి గిన్నెలో సేమ్యాలాంటిది పెట్టి, "తిను, చల్లారిపోతుంది," అంటాడు.

అది మామూలుగా పల్లీలు తినే సీను. ఆ రోజు హాల్లో పల్లీ చప్పుడు లేదు. ఈల లేదు. దగ్గు లేదు. చచ్చిపోయినవాడు తిరిగొచ్చి అన్నం పెడుతుంటే, వాణ్ణి చంపబోయేవాడు ఆ చేత్తోనే తింటుంటే, ఐదు వందల వీపులు ముందుకు వంగి అలాగే ఉండిపోయాయి. బెంచీల్లో ఎవరో ముసలావిడ పైకే అంది, "తినమాకరా అయ్యా... ముందు ఆయన మొగం చూసుకోరా."

అంతకు ముందు రోజే అదే సినిమా నాలుగాటలు వేశాను. అందులో ఈ సినిమా ఉన్నట్టు నాకే తెలియదు. రీళ్ళు అవే, మనుషులు అవే, మాటలు అవే. ఒక్కటి జరిపితే ఇంకో లోకం వచ్చింది.

ఐదో రీలు చివర్లో కారంపూడి జనం లేచారు. ఎప్పటిలా తొందరగా కాదు. వెనక్కి వెనక్కి నడుస్తూ, తలుపుకి వీపు తగిలేదాకా తెర వైపే చూస్తూ వెళ్ళారు. మిగిలినవాళ్ళు ఆరో రీలు చూశారు. అది తమ్ముడు ఇంటి మెట్ల మీద మొదటి మెట్టుపై కాలు పెట్టడంతో అయిపోతుంది. తెర తెల్లబడింది. పైన ఎవరున్నారో అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడకుండా బయటికి నడిచారు.

అబద్ధం

కోటయ్య గారు పైకి వచ్చారు. ఆయన ఎప్పుడూ పైకి రారు.

"ఏందిరా ఇది? చచ్చినోడు లేచొచ్చి వంట చేయడమేంది?"

"నాకేం తెల్సండీ. ప్రింటే అట్టా వచ్చింది. రీళ్ళ మీద అంకెలు తప్పేసినట్టున్నారు."

ఒక్క ముక్క. నోట్లోంచి వచ్చేసింది. సినిమా పంపే కంపెనీ తరఫున ప్రింటు వెంట వచ్చే రిప్రజెంటేటివ్ ఒకాయన ఉండేవాడు, భాస్కరరావు. రీళ్ళు సరిచూసి మాకు అప్పగించడం ఆయన పని. పొద్దున ఆట సరిగ్గానే నడిచిందన్న సంగతి కూడా కోపంలో తలుచుకోకుండా కోటయ్య గారు కంపెనీకి ఫోన్ చేసి నాలుగు దులిపారు. కంపెనీ భాస్కరరావుకి సంజాయిషీ అడుగుతూ మెమో ఇచ్చింది. తర్వాత రెండు నెలలకి ఆయన పల్నాడు వైపు రావడం మానేశాడు. పని నుంచి తీసేశారని విన్నాను. విని, కడ్డీలు మార్చుకుంటూ కూర్చున్నాను.

పిల్లలూ, పనిలో తప్పు చేయని ఆపరేటర్ని నేను చూడలేదు. తప్పు చేసినప్పుడు మొదటి నిమిషంలో నిజం చెప్పేయండి. రెండో నిమిషంలో ఆ తప్పుకి ఇంకొకడి పేరు అంటుకుంటుంది. ఆ తర్వాత విడదీయడం నావల్ల కాలేదు.

నీడలు నడిచిన దారి

హాలు కల్యాణమండపం అయిపోయింది, నేను ఇంట్లో కూర్చున్నాను. పోయిన ఏడాది ఒక నేరం సినిమా వచ్చింది. తీసింది సునంద అనే ఆవిడ, మొదటి సినిమా. కుర్రకారు దాని స్టైలు చూసి వెర్రెత్తిపోయారు. హంతకురాలు అక్క, పోలీసు చెల్లెలు. ఫోన్లలో తిరిగే వీడియోలో ఒకాయన గంట సేపు వివరించాడు: ఈ షాటు ఫ్రాన్సుది, ఆ షాటు అమెరికాది, ఇది కొరియాది అని.

మా ఆవిడ ఖాశింబీ అంది, "నువ్వూ చెప్పు, నీకూ పెద్ద తెలిసినట్టు."

"నాకు దేశాలు తెలీదే. డబ్బాలు తెల్సు."

వెళ్ళి మ్యాటినీ చూశాను. అదే, టిక్కెట్ కొనుక్కుని, ముందు వైపు నుంచి. ఐదు నిమిషాల్లో నోరు తెరుచుకుంది.

అక్క మొహం మీద కిటికీ రెక్కల నీడలు చారలు చారలుగా పడతాయి. ఆ చారలు నాకు తెలుసు. మా హాల్లో పాత నలుపు తెలుపు సినిమాలు ఉదయం ఆటకి వేసేవాళ్ళం. అందులో డిటెక్టివ్ మొహం మీద అవే చారలు. మద్రాసులో ఎవరో కెమెరామన్ ఏదో ఇంగ్లీషు సినిమా చూసి పట్టుకొచ్చి ఉంటాడు. ఆ ఇంగ్లీషాయన ఎవర్ని చూశాడో. సముద్రాలు దాటిన నీడ నా మిషన్ గుండా పోయి, ఎవరి కంట్లోనో దిగి, ఇన్నేళ్ళకి మళ్ళీ తెర ఎక్కింది. నీడని ఆపే చెక్‌పోస్టు లేదు.

నడుస్తున్న బూట్లు మాత్రమే కనిపించే షాటు హిందీ డబ్బాలోది. హత్య జరుగుతుంటే రేడియోలో హాయిగా పాట రావడం మలయాళం డబ్బింగ్‌లోది. అవన్నీ నేను రివైండ్ చేసినవే. మాట్లాడుతూ మాట్లాడుతూ విలన్ యాపిల్ కోయడం పది సినిమాల్లో ఉంది. ఈవిడ విలన్ మాత్రం పచ్చి మిరపకాయ తొడిమలు తీస్తుంటాడు. ఒక్కో తొడిమ తెంపినప్పుడల్లా నా మెడ జలదరించింది.

అన్నిటికంటే ఆ కాల్పుల సీను. గాల్లో తెల్లగా ఏదో రాలుతుంటుంది. ఫోనులో ఆయన దాన్ని మంచు అన్నాడు, ఫలానా దేశపు సినిమా నుంచి తెచ్చిందన్నాడు. మంచు షాటు నుంచి వచ్చిన మాట నిజమే. నేనూ అలాంటి రీలు వేశాను. కానీ రాలుతున్నది పత్తి. చిలకలూరిపేట జిన్నింగ్ మిల్లులో లేచే దూది. వాళ్ళ పొగమంచు చోట ఈవిడ పిడుగురాళ్ళ సున్నపు బట్టీల పొగ పెట్టింది. పరాయి దేశం నుంచి అరువు తెచ్చిన చలిని మన ఎండలో ఆరేసింది. దొంగతనం చేసినవాడికి వస్తువు ఉన్నది ఉన్నట్టు మిగులుతుంది. ఇక్కడ అది వేరే వస్తువైపోయింది. నేను కుర్చీలో చేతులు కట్టుకుని, నమాజులో నిలబడ్డంత నిశ్శబ్దంగా కూర్చున్నాను.

ఇంటర్వెల్ అయింది. తెర చీకటైంది. మామూలు చీకటి కాదు, హాల్లో జనం "ఏయ్" అనేంత చీకటి. ఆ చీకట్లో శబ్దం: డుగ్... డుగ్... డుగ్... ఆగింది. మళ్ళీ అందుకుంది. వెలుగు పడింది. చెల్లెలు తలుపు తీసింది. అక్క నిలబడి ఉంది. కాల్చేసింది. ఆ తర్వాతి సీన్లో చచ్చిపోయిన అక్క చెల్లెలికి జొన్నరొట్టె తుంచి పెడుతోంది.

పక్కాయన నా మోచెయ్యి తట్టాడు. "ఏంది పెద్దాయనా, ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉందయ్యా," అన్నాను. "నా తప్పు తెర మీద నడుస్తా ఉంది, చూసుకుంటన్నా."

సునంద

నెల తిరక్కుండా ఆవిడే మా ఇంటికి వచ్చింది. నలభై దాటిన మనిషి. ఆటో దిగి, మా సందులో ముగ్గురిని అడిగి వచ్చింది.

"ఆపరేటర్ బాబాయ్ మీరేనా? మాది కారంపూడి. డిగ్రీ ఇక్కడే చదివా. మూడేళ్ళు మీ హాల్లో మ్యాటినీలు చూశా. ఒక్క సినిమాకీ చివర చూళ్ళా."

"ఐదింటి బస్సు."

"ఐదింటి బస్సే!" అంటూ నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది.

విషయం ఇది. హైదరాబాద్‌లో ఒక రచయిత ఫిర్యాదు చేశాడు. ముగింపు మధ్యలో పెట్టి, చచ్చిపోయినవాళ్ళని తర్వాత చూపించే ఆ అల్లిక తన కథలోదనీ, ఆ కథ నిర్మాత ఆఫీసులో ఇస్తే ఈవిడ కొట్టేసిందనీ. సినిమా రచయితల సంఘం వాళ్ళు కమిటీ వేసి విచారణ పెట్టారు. ఓడిపోతే స్క్రీన్‌ప్లే దగ్గర ఆవిడ పేరు తీసేసి అతని పేరు వేస్తారు. దొంగ అన్న ముద్రతో రెండో సినిమా ఎవరూ ఇవ్వరు. ఇరవై ఏళ్ళు అసిస్టెంటుగా చేసి తీసిన మొదటి సినిమా అది.

"నేనిది పేటలో ఒక మ్యాటినీలో చూశానని చెప్పా బాబాయ్. ఆ సినిమా తెప్పించి చూశారు. దాంట్లో చివర చివర్నే ఉంది. అబద్ధాలాడుతున్నానని నవ్వారు. ఆ రోజు నేను చూసింది నిజమేనా? నాకే అనుమానం వస్తా ఉంది."

ఖాశింబీ టీ గ్లాసులు పట్టుకుని నా మొహమే చూస్తోంది. ఆవిడక్కూడా నేను ఎప్పుడూ చెప్పలేదు.

"నిజమే తల్లీ," అన్నాను. "ఆ సినిమా ప్రపంచం మొత్తంలో ఒక్కసారే ఆడింది. ఆడించింది నేనే. పొరపాటున."

పాట కత్తిరించిన దగ్గర్నుంచి చెప్పాను. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. మా ఆవిడ కళ్ళనిండా నిప్పులు. "పాతికేళ్ళా? కట్టుకున్నదానికి చెప్పటానికి పాతికేళ్ళా?" అంది. సునంద వెళ్తూ అడిగింది, "మీ మాట ఒక్కటీ చాలుతుందా బాబాయ్? రాసిందేదైనా ఉందా?"

ఉంది. కానీ అది ఉన్న చోటికి వెళ్ళే మొహం నాకు లేదు.

దూది

భాస్కరరావు చిలకలూరిపేటలో ఒక జిన్నింగ్ మిల్లులో తూకం గుమాస్తాగా ఉన్నాడని కనుక్కున్నాను. లోపలికి అడుగుపెడితే దూది తేలుతోంది, అచ్చం ఆ సినిమాలోలాగే. ఒక్క క్షణం ఎందుకొచ్చానో మర్చిపోయి నిలబడ్డాను. ఎండ చారల్లో తెల్లటి దూది పింజలు పైకి లేస్తున్నాయి, ఎక్కడా కింద పడటం లేదు.

"ఏంది మీరా," అని వెనక నుంచి గొంతు. "ఇన్నాళ్ళకి దారి తెలిసిందా?"

"దారి తెల్సు అన్నా. మొహమే లేదు."

"మొహం ఉందిలే, జుట్టే లేదు. చెప్పు."

చెప్పాను. నిలబడే చెప్పాను, కూర్చోమన్నా కూర్చోలేదు. ఆయన కాటా మీది దూది చేత్తో ఊడుస్తూ విన్నాడు.

"నువ్వేనని నాకు అప్పుడే తెల్సు. ఆ రోజు బాల్కనీలో ఉన్నా. పొద్దున ఆటలో సరిగ్గా ఉన్న అంకెలు మధ్యాన్నానికి మారిపోతాయంట్రా?"

"మరి చెప్పలేదే అన్నా?"

"చెబ్దామనే లేచా. నీ గది మెట్ల దాకా వచ్చా. అప్పుడే ఆ సచ్చినోడు గిన్నె పట్టుకుని తమ్ముడి కాడికొచ్చాడు. ఆడే నిలబడిపోయా. మా అన్న పోయి అప్పటికి ఏడాది గూడా కాలా." ఆయన మొహం తిప్పుకున్నాడు. "దాన్ని చూసి ఏడ్చినోణ్ణి, అది తప్పని కంపెనీకి ఎట్టా రాసేది? తప్పెవరిదని అడిగితే నోరు మూసుకున్నా. అంతమాత్రాన నువ్వు చేసింది మంచి పననుకోమాక. నిన్ను తిట్టాలని పాతికేళ్ళుగా రెడీగా ఉన్నా."

తిట్టాడు. మిల్లు చప్పుడులో కూడా పక్కవాళ్ళు తిరిగి చూసేంతగా తిట్టాడు. తర్వాత ఇంటికి తీసుకెళ్ళి పెట్టె తెరిచాడు. మడతలు చిరిగిపోతున్న మెమో. 'నరసరావుపేట మ్యాటినీలో ఇంటర్వెల్ అనంతరం ఏడవ రీలు ప్రదర్శింపబడుటకు, తదుపరి నాలుగు, ఐదు, ఆరు రీళ్ళు ప్రదర్శింపబడుటకు కారణము తెలుపవలెను.' కంపెనీ ముద్ర, తేదీ అన్నీ ఉన్నాయి.

"పట్టుకుపో. ఒక్కటే మాట. అక్కడ పైకి చదివాక, తప్పు భాస్కరరావుది కాదని నీ నోటితో చెప్పు. నలుగురిలో."

విచారణ

కమిటీలో ముగ్గురు. మధ్యలో కూర్చున్న పెద్దాయన అడిగారు, "ఏం చదువుకున్నారు?"

"ఏడో తరగతండీ. ఆ తర్వాత రీళ్ళు చదివాను. తలకిందులుగా." ప్రొజెక్టర్‌లో ఫిల్ము తలకిందులుగానే ఎక్కిస్తాం. ఆయనకి అది తెలుసు కాబోలు, నవ్వారు.

ఫిర్యాదు చేసిన రచయితని ఆయన ఒక ప్రశ్న అడిగారు. "మీ అల్లికే అయితే, ఆ ముగింపుకి ముందు చీకటీ, ఆ శబ్దమూ దేనికి?"

"అది హంతకురాలి గుండె చప్పుడు సార్. ప్రతీక," అన్నాడతను.

నేను ఉండబట్టలేకపోయాను. "అయ్యా, మూడుసార్లు దగ్గి ఆగి మళ్ళీ అందుకునే గుండె డీజిల్‌తో నడవాలండీ. దాన్ని మా నాన్న సగమే బాగుచేశాడు."

అందరూ నవ్వారు. పెద్దాయన చెయ్యెత్తి ఆపారు. "మీరు సినిమా చూసే వచ్చారుగా. చూసినవాళ్ళు ఎవరైనా ఈ మాట చెప్పగలరు."

న్యాయమైన మాట. అప్పుడు మెమో తీసి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని పైకే చదివారు, రెండుసార్లు. తేదీ చూశారు. ఫిర్యాది కథ రాశానని చెప్పిన నాటికి అది చాలా ఏళ్ళ ముందుది.

నేను లేచి నిలబడ్డాను. "ఈ తప్పు భాస్కరరావు గారిది కాదండీ. నాది. ఆయన పని పోయింది నా అబద్ధం వల్ల. ఇది కూడా రాసుకోండి."

రాసుకున్నారు. వారం తర్వాత సునంద పేరు ఎక్కడున్నది అక్కడే ఉంటుందని కాగితం వచ్చింది.

విచారణ రోజే మెట్లు దిగుతూ ఆవిడ అడిగింది, "బాబాయ్, నేను బస్సుకి వెళ్ళిపోయాక ఏమైంది?"

పాతికేళ్ళుగా మోస్తున్న ప్రశ్నని ఎంత మెల్లగా అడిగిందో. చెప్పాను: తమ్ముడు మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు, తెర తెల్లబడింది, ఎవరూ మాట్లాడకుండా ఇళ్ళకు వెళ్ళారు.

ఆవిడ ఉన్న మెట్టు మీదే ఆగిపోయింది. అక్కడి నుంచే అంది, "నాకది తెలీక, నాకు తెలిసిందే చివర పెట్టుకున్నా."

ఆవిడ సినిమా ఆఖరి షాటు గురించి అది. అక్క ఏదో చెప్పబోతుంటే, వినకుండానే చెల్లెలు లేచి బస్సెక్కేస్తుంది. ఫోనులో వివరించినాయన ఆ బస్సుని ఏదో దేశపు రైలుకి ముడిపెట్టాడు. పెట్టనివ్వండి.

పోయిన శుక్రవారం ఆ సినిమా నరసరావుపేటలో మళ్ళీ వేశారు. భాస్కరరావుని రమ్మన్నాను. వచ్చాడు, దారంతా తిడుతూనే వచ్చాడు. మ్యాటినీ. మేం చిట్టచివరి వరసలో కూర్చున్నాం, వీపులు కనిపించేలా. ఇప్పుడు కారంపూడికి బస్సులు చాలా ఉన్నాయి, ఆటోలూ ఉన్నాయి. అయినా నా కన్ను అలవాటుగా గడియారం వైపు వెళ్ళింది. ఐదుకి పది నిమిషాలు.

తెర మీద కారంపూడి బస్సు కదిలింది. హాల్లో ఒక్క వీపు కూడా కదల్లేదు.